వరి మడిలో నీళ్లు: నిలవ ఉంచాలా, ఆరగట్టాలా, పొడి దుక్కిలో విత్తాలా?

నిండా నీళ్లున్న వరి మడి అడుగున మట్టికి ఆక్సిజన్ అందదు. ఆ బురదలో బతికే సూక్ష్మజీవులు కుళ్లుతున్న మోళ్లను, గడ్డిని అరిగించి మీథేన్ వదులుతాయి. అందులో ఎక్కువ భాగం వరి కాడల్లోని గాలి దారుల గుండా, పొగగొట్టంలోంచి వచ్చినట్టు పైకి పోతుంది.

ఎండకు వేడెక్కిన నేల ఆ వేడిని పరారుణ కిరణాలుగా పైకి పంపుతుంది. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ వాటిని ఆపవు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ పీల్చుకుని కొంత వేడిని మళ్లీ కిందికి పంపుతాయి. ఈ గ్రీన్‌హౌస్ ప్రభావమే లేకపోతే 15 డిగ్రీలున్న భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 దగ్గర ఉండేది. ప్రమాదమల్లా అది పెరగడంలోనే ఉంది. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. మీథేన్ రెండున్నర రెట్లయింది.

ఇలా వేడి పెరగడంలో పెద్ద వాటా బొగ్గుది, చమురుది. అన్నం పెట్టే రైతు మీద నెపం వేయడం అన్యాయం. అయినా మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో వరి పొలాల వాటా పదో వంతుకు దగ్గరగా ఉంది. మీథేన్ గాలిలో ఉండేది సగటున పన్నెండేళ్లే. కానీ ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువ వేడి చేస్తుంది. కాబట్టి ఇక్కడ తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది.

దమ్ము చేసి (నీళ్లు పెట్టి బురదగా దున్ని), నాటు వేసి, కోత దగ్గరపడే దాకా నీళ్లు నిలవ ఉంచడం మన పాత అలవాటు. కలుపు అణుగుతుంది, టెన్షన్ ఉండదు. మీథేన్ మాత్రం దీంట్లోనే అన్నిటికంటే ఎక్కువ.

ఆరుతడి విధానంలో నాటిన రెండు వారాలకు చిల్లుల ప్లాస్టిక్ గొట్టం ఒకటి మడిలో దించుతారు. అందులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇస్తారు. పూత సమయంలో మాత్రం మడి ఆరకూడదు. సరిగ్గా చేస్తే దిగుబడి తగ్గదు, మీథేన్ దాదాపు సగానికి, నీటి వాడకం 30 శాతం దాకా తగ్గుతాయి. ఒక చిక్కుంది. ఆరుతూ తడుస్తూ ఉండే నేలలో నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లు వేడి చేస్తుంది. యూరియా ఒకేసారి గుమ్మరిస్తే వచ్చిన లాభంలో కొంత పోతుంది కాబట్టి దఫదఫాలుగా వేయాలి.

పొడి దుక్కిలో నేరుగా విత్తితే నారుమడి, నాట్ల ఖర్చు మిగులుతుంది, మీథేన్ కూడా బాగా తగ్గుతుంది. అయితే మొదటి నెలలో కలుపు చేయి దాటితే పంట పోయినట్టే. దమ్ము చేసిన మడిలో డ్రమ్ సీడర్‌తో (మొలకెత్తిన గింజల్ని వరుసల్లో రాల్చే చేతి పరికరం) విత్తి, తర్వాత ఎప్పటిలా నీళ్లు నిలబెడితే మీథేన్‌లో చెప్పుకోదగ్గ తేడా రాదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ప్రచారం చేయడం సరికాదు.

నా మటుకు తెలంగాణలో బోరు కింద వేసే యాసంగి (రబీ) వరికి ఆరుతడే మేలు. మోటారు రైతు చేతిలోనే ఉంటుంది. ఉచిత కరెంటు వల్ల నీళ్లు తగ్గించినా జేబులో ఏమీ మిగలకపోవడమే అక్కడి అడ్డంకి. నాట్లకు మనుషులు దొరకని, కలుపు బెడద తక్కువున్న పొలాలకు పొడి విత్తనం నప్పుతుంది.

గోదావరి డెల్టా సార్వాలో (ఖరీఫ్ పంటలో) వాన నీళ్లు, పై మడి నీళ్లు కలిసొస్తాయి. ఆరగట్టాలన్నా చాలా చోట్ల ఆరదు. మురుగు కాలువ బాగున్న చోట పిలకల దశ చివర్లో ఒక్కసారి ఆరగట్టినా మీథేన్ మూడో వంతు దాకా తగ్గుతుంది. దాళ్వా (రబీ పంట) సంగతి వేరు. కాలువ నీటి వంతు తప్పితే చేను ఎండుతుందన్న భయంతో, నీళ్లొచ్చినప్పుడే రైతు మడి నింపుకుంటాడు. అతన్ని తప్పు పట్టలేం. అక్కడ గొట్టాలు పంచేకంటే ముందు కాలువ వంతుల తేదీలు ఖాయం చేసి, కాలువ చివరనున్న శివారు భూములకూ ఆ తేదీకే నీళ్లివ్వాలి.