‘ప్రోస్టేట్ ఆక్సిడేటివ్ స్ట్రెస్ ప్యాకేజీ’కి 4,800 కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఆ ల్యాబ్ పేరు రాయను, రాయనక్కర్లేదు కూడా. నెల్లూరు పొగతోట నుంచి ట్రంకు రోడ్డు దాకా ఆ ఫ్లెక్సీలే. తెల్లమీసాల పెద్దాయన నవ్వుతా ఉంటాడు, కింద ‘యాభై దాటిందా? మీ ప్రోస్టేట్‌లో తుప్పు ఎంత?’ అని ఉంటుంది. ప్రోస్టేట్ అంటే మగవాళ్ళకి మూత్రసంచి కింద ఉండే గ్రంథి, తుప్పు అని వీళ్ళు అనేది ఆక్సీకరణతో కణాలకు తగిలే దెబ్బని, అదే ఆక్సిడేటివ్ స్ట్రెస్. కావలిలో, ఒంగోలులో కూడా కట్టారంట. ఇంటికొచ్చి రక్తం తీసుకెళతారు, 4,800. మా పెదనాన్న రిపోర్టు నిన్న రాత్రి వాట్సాప్‌లో వచ్చింది, ఇవాళ పొద్దున కౌంటర్ దగ్గర గొడవయింది. ల్యాబ్ పని తెలిసిన వాణ్ణి అయ్యుండి ఫ్లెక్సీ చూసి డబ్బు కట్టాను. నాకు నేనే ఒక దండం పెట్టుకోవాలి.

రిపోర్టులో ఏముందంటే, ఆ తుప్పుకి గుర్తుగా చూసే ఎండీఏ ఎక్కువ (ఎర్ర అక్షరాల్లో, పక్కన పుర్రె బొమ్మ ఒక్కటే తక్కువ). తుప్పును అడ్డుకునే ఎంజైములు ఎస్ఓడీ ఎక్కువ, క్యాటలేజ్ ఎక్కువ, అదే పని చేసే గ్లూటాథయోన్ తక్కువ. తుప్పును ఆపే మొత్తం శక్తి అని కొలిచే టీఏసీ మాత్రం ‘చాలా బాగుంది’. పీఎస్‌ఏ (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ప్రోటీన్) 6.2, అందులో ఫ్రీ పీఎస్‌ఏ, అంటే వేరే ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా తిరిగేది, 9 శాతం. ఏ పద్ధతిలో చేశారో ఒక్కదానికీ రాయలేదు.

కౌంటర్లో అడిగింది రెండే ప్రశ్నలు. రక్తం తీసిన ఎన్ని గంటలకు సెంట్రిఫ్యూజ్‌లో (గిరగిరా తిప్పి కణాలను విడదీసే మిషన్) వేశారు? సీరం, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి విడిపోయే ద్రవం, ఏ రంగులో ఉంది? పాపం కౌంటర్లో పిల్లోడు అమాయకంగా స్క్రీన్ ఇటు తిప్పాడు. శాంపిల్ తీసింది ఉదయం 7:10. ల్యాబ్‌లో అందింది మధ్యాహ్నం 1:25. రిమార్క్స్ గడిలో ‘హీమోలైజ్డ్, రెండు ప్లస్‌లు’. అంటే ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబడిందని వాళ్ళ టెక్నీషియనే రాసిపెట్టాడు. మన చేతికొచ్చిన రిపోర్టులో ఆ ముక్క లేదు. ఎందుకు తీసేశారని అడిగితే లోపల్నుంచి మేనేజరు వచ్చి, “అవన్నీ రాస్తే పేషెంట్లు కంగారు పడతారు సార్. రిపోర్టు వచ్చింది కదా, ఇంకేం కావాలి? మీరేమన్నా డాక్టరా?” అన్నాడు. కాదు సామీ, డాక్టర్ని కాదు. డబ్బు కట్టినోణ్ణి. పేషెంటు కంగారు పడకూడదని శాంపిల్ పాడైన సంగతి దాచి, క్యాన్సర్ అనుమానం వచ్చే అంకెలు మాత్రం ఎర్ర ఇంకులో పంపారు. ఎంత దయ!

ఆ రెండు ప్లస్‌లకు అంత గొడవ ఎందుకంటారా? ఎస్ఓడీ, క్యాటలేజ్ ఎంజైములు ఎర్రకణాల లోపల దండిగా ఉంటాయి. అందుకే పద్ధతిగా చేసేవాళ్ళు రక్తం గడ్డకట్టనీయని ఈడీటీఏ ఉన్న ఊదా మూత ట్యూబులో రక్తం తీసి, ప్లాస్మా (కణాలు తీసేసిన రక్తపు ద్రవం) వేరుచేసి, ఎర్రకణాలను చల్లటి సెలైన్‌తో కడిగి, కావాలని పగలగొట్టి కొలుస్తారు. ఫలితం గ్రాము హీమోగ్లోబిన్‌కు ఇన్ని యూనిట్లు అని రాస్తారు. వీళ్ళు సీరంలో కొలిచి, మిల్లీలీటరుకు ఇన్ని అని రాశారు. కణాలు ట్యూబులోనే పగిలితే లోపలి సరుకంతా సీరంలోకే వస్తుంది. ఇక అంకె పెరగక ఏం చేస్తుంది? మా పెదనాన్న ఒంట్లో ఏం జరుగుతుందో అది చెప్పదు. సూది పనితనం చెబుతుంది, అంతే. ఆ పని కూడా చూశాం. ఇంటికొచ్చిన పిల్లోడు సిరంజితో గట్టిగా లాగి, సూది తీయకుండానే ట్యూబు రబ్బరు మూతలోకి గుచ్చి ఒత్తాడు. కణాలు పగలడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

ఎండీఏ అంటే మాలాన్‌డైఆల్డిహైడ్, కణాల పొరల్లో కొవ్వు ఆక్సీకరణకు విరిగినప్పుడు మిగిలే ముక్క. చవకలో చేసే పద్ధతికి టీబార్స్ అని పేరు. థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి, 95 డిగ్రీల దగ్గర వేడి చేసి, వచ్చిన గులాబీ రంగును 532 నానోమీటర్ల దగ్గర చదువుతారు. చిక్కేంటంటే ఆ ఆమ్లం ఎండీఏ ఒక్కదానితోనే రంగు ఇవ్వదు. కొన్ని చక్కెరలు, బిలిరుబిన్ కూడా లెక్కలో దూరతాయి. పగిలిన కణాల హీమోగ్లోబిన్ రంగు దాదాపు అక్కడే పడుతుంది. పైగా అందులోని ఇనుము ఆ వేడిలో కొత్తగా ఎండీఏను పుట్టిస్తుంది. ఇది తెలిసినవాళ్ళు తీసిన వెంటనే ట్యూబును ఐసులో పెట్టి, త్వరగా ప్లాస్మా వేరుచేసి, ఆక్సీకరణను ఆపే బీహెచ్‌టీ కలిపి, అదే రోజు చేయకపోతే మైనస్ 80లో దాస్తారు. మన ఇంటికొచ్చిన పిల్లోడు ఐసు ప్యాకు లేని సంచిలో, ఈ ఎండలో, ఇంకో నాలుగిళ్ళు తిరిగి ఆరు గంటల తర్వాత ల్యాబ్‌కి చేరాడు. తుప్పు పట్టింది ప్రోస్టేట్‌కి కాదు, ట్యూబుకి.

గ్లూటాథయోన్ ఇంకా సున్నితం. తీసిన నిమిషాల్లో ఆమ్లం కలిపి ప్రోటీన్లను దించేయాలి, లేకపోతే ట్యూబులోనే ఆక్సీకరణ చెంది తగ్గిపోతుంది. తక్కువ రావడంలో వింతేముంది.

టీఏసీ ‘చాలా బాగుంది’ చూసి నాకు నవ్వొచ్చింది. మొత్తం యాంటీఆక్సిడెంట్ శక్తి అని పేరు గొప్పే గానీ, ఫ్రాప్ లాంటి పద్ధతుల్లో ఆ అంకెలో సగానికి పైన యూరిక్ యాసిడ్ వాటాయే. మా పెదనాన్నకు యూరిక్ యాసిడ్ 8.4, ఉండాల్సినదాని కన్నా ఎక్కువ, దాంతో కాలి బొటనవేలు వాచి కుంటుతున్నాడు. ఆ వాపుకి ఇది మెచ్చుకోలు పత్రం అన్నమాట.

అన్నీ సరిగ్గా చేసినా సరే, ఈ అంకెలు ప్రోస్టేట్ గురించి ఏం చెబుతాయి? ప్రోస్టేట్ వాపు, క్యాన్సర్ ఉన్న గుంపుల్లో సగటు ఎండీఏ ఎక్కువని చూపిన పరిశోధనలు ఉన్నాయి, కాదనను. అది గుంపుల సగటు. షుగరు, బీడీ, కిడ్నీ జబ్బు, వయసు, ఇవన్నీ అదే ఎండీఏను పెంచుతాయి. పదిహేనేళ్ళ షుగరు, రోజుకో కట్ట బీడీలు ఉన్న మనిషిలో ఆ అంకె ప్రోస్టేట్ నుంచే వచ్చిందని ఎవరు చెప్పగలరు? క్యాన్సరా, వయసుతో వచ్చే మామూలు వాపా అని తేల్చడానికి యూరాలజీ డాక్టర్లు దీన్ని వాడరు. పీఎస్‌ఏ, వేలితో పరీక్ష, ఎమ్మారై, చివరికి బయాప్సీ, వాళ్ళ దారి అది.

నిజంగా భయపెట్టింది ఆ 9 శాతం. పీఎస్‌ఏ 4కీ 10కీ మధ్య ఉన్నప్పుడు ఫ్రీ వాటా 10 శాతం లోపుంటే క్యాన్సర్ అనుమానం పెరుగుతుంది, 25 దాటితే తగ్గుతుంది. కానీ రక్తం అలాగే ఉంటే మొత్తం పీఎస్‌ఏ కన్నా ఫ్రీ పీఎస్‌ఏ తొందరగా పడిపోతుంది. మూడు గంటల్లోపు సీరం వేరుచేసి చల్లగా పెట్టాలనేది అందుకే. ఆరు గంటలు ఎండలో తిప్పితే వాటా తగ్గి, లేని అనుమానం పుట్టుకొస్తుంది. మూడు వారాల కిందట ఆయనకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది, దానికే పీఎస్‌ఏ పెరుగుతుంది. ఫారంలో ఆ ప్రశ్నే లేదు. ప్రోస్టేట్ వాపుకి ఇచ్చే డ్యూటాస్టరైడ్, ఫినాస్టరైడ్ మాత్రలు వాడుతున్నారా అని కూడా అడగలేదు. అవి ఆర్నెల్లు, ఏడాది వాడితే పీఎస్‌ఏ దాదాపు సగానికి పడుతుంది, చూసే డాక్టరు రెట్టింపు చేసి చదువుకోవాలి.

ఇంత జరిగాక మేనేజరు చివరికి చేసిందేంటో తెలుసా? ‘తుప్పు వదిలించే’ డబ్బా ఒకటి ముందుకు తోశాడు, 2,200. ఎండీఏ ఎక్కువైనా అదే, గ్లూటాథయోన్ తక్కువైనా అదే. వెనక చదివితే రోజుకు విటమిన్ ఇ 400 యూనిట్లు, సెలీనియం 200 మైక్రోగ్రాములు. సరిగ్గా ఈ మోతాదులే అమెరికా, కెనడాల్లో 35 వేలకు పైగా మగవాళ్ళ మీద సెలెక్ట్ అనే ట్రయల్‌లో చూశారు. లాభం లేదని 2008లో మాత్రలు ఆపేశారు. 2011లో వచ్చిన లెక్కలో విటమిన్ ఇ ఒక్కటే వాడినవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ తేలింది. ప్రోస్టేట్‌ను కాపాడతామని ఈ డబ్బా అమ్ముతున్నారు. ఈ మాట అంటే, “అది అమెరికా వాళ్ళకి సార్” అన్నాడు.

సరే, కట్టాల్సిందే అనుకుంటే శాంపిల్ తీసిన టైమూ, అందిన టైమూ, పద్ధతి పేరూ రిపోర్టులో రాస్తారా అని ముందే అడగండి. బోర్డు మీద ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థ) ముద్ర చూసి మోసపోకండి, ఆ గుర్తింపు ఒక్కో పరీక్షకు విడిగా ఉంటుంది, జాబితా వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది. పీఎస్‌ఏ ఒక్కటి చాలు. ఇన్ఫెక్షన్ తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, తీయడానికి ముందు రెండు రోజులు సైకిలూ కలయికా మానేసి, ల్యాబ్‌కే వెళ్ళి ఇవ్వండి. బిల్లు తప్పకుండా తీసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళినా మొదట అడిగేది అదే. అక్కడ 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు.

నాకు ఇచ్చింది తెల్లకాగితం మీద స్టాంపు. పక్కా బిల్లు అడిగితే సిస్టమ్ డౌన్ అంట, సోమవారం రమ్మన్నారు.