యూరో, జీఎఫ్ఎస్, నామ్: వాతావరణం లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లను పన్నెండు చలికాలాలు వాడి చూశాక

న్యూజెర్సీలోని ఎడిసన్‌కు 2013లో వచ్చాం. మొదట్లో ఫోన్‌లో యాప్ ఎంత మంచు అంటే అంతే అనుకునేవాణ్ని. 2015 జనవరి 26 రాత్రి ఆ భ్రమ వదిలింది. న్యూయార్క్‌కు రెండు నుంచి మూడడుగుల మంచు అన్నారు. రాత్రి పదకొండింటికి సబ్‌వే కూడా ఆపేశారు. మేం పాలు, బ్రెడ్డు, కొవ్వొత్తులు తెచ్చుకుని కూర్చున్నాం. తెల్లారి చూస్తే సెంట్రల్ పార్క్‌లో పడింది 9.8 అంగుళాలు. మా వాకిట్లో అంత కూడా లేదు. అలాగని తుపాను రాలేదని కాదు, బోస్టన్‌లో రెండడుగులు దాటింది. కొన్ని పదుల మైళ్లు తూర్పుకు జరిగిందంతే.

ఆ రోజు తప్పింది అందరూ నెత్తిన పెట్టుకున్న యూరో, అంటే ఐరోపా వాళ్ల మోడల్. అమెరికా వాళ్ల నామ్ దానికి వంత పాడింది. తుపానును తూర్పుగా ఉంచి, మాకు తక్కువ చూపించింది జీఎఫ్ఎస్. అంతకు ముందు 2012లో శాండీ తుపాను ఎడమకు తిరిగి తీరం మీదికి వస్తుందని యూరో దాదాపు వారం ముందే పట్టుకోవడంతో, ఇక అదే దేవుడు అన్నట్టుండేది. 2015 తర్వాత నేనే మ్యాపులు తెరిచి చూడటం మొదలుపెట్టాను. అప్పటినుంచి వాడుతూ వచ్చిన అనుభవంతో చెప్పే మాటే ఇది.

ముందు జీఎఫ్ఎస్. అమెరికా ప్రభుత్వానిది, రోజుకు నాలుగు రన్‌లు (అంటే నాలుగుసార్లు కొత్తగా లెక్క కడుతుంది), పదహారు రోజుల దాకా మ్యాపులు. చిక్కంతా ఆ పదహారు రోజులతోనే. తొమ్మిదో రోజున ఎడిసన్ మీద ఇరవై అంగుళాలని ముదురు రంగులో కనిపిస్తుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ఒక ఫిబ్రవరిలో ఎనిమిది రోజుల ముందు మ్యాప్ చూసి డల్లాస్‌లో మా బావగారి గృహప్రవేశానికి వెళ్లే టికెట్లు మార్చేశాను. తీరా ఆ రోజు ఇక్కడ ఎండ కాసింది. ఆయన ఇప్పటికీ ఫోన్ చేస్తే 'ఏంటోయ్, ఎంత పడుతోంది?' అనే మొదలుపెడతారు. అది మోడల్ తప్పు కాదు, దాన్ని నమ్మిన నాదే. వారం దాటాక జీఎఫ్ఎస్‌లో నేను చూసేది ఒక్కటే: తీరం దగ్గర అల్పపీడనం రన్ తర్వాత రన్‌లో కనిపిస్తోందా, లేదా? అంగుళాల వైపు కన్నెత్తి కూడా చూడను.

అంత దూరంలో ఎందుకు తప్పుతుందంటే, మనకు రాబోయే తుపానుకు విత్తనమైన అల (పైగాలుల్లోని వంపు) అప్పటికి ఎక్కడో పసిఫిక్ మీద ఉంటుంది. అక్కడ కొలతలు పలుచన. అది పడమటి తీరం దాటి నేల మీదికి వచ్చాక, వాతావరణం కొలవడానికి రోజుకు రెండుసార్లు ఎగరేసే బెలూన్లకు అందుతుంది. పైగా ఉత్తరం నుంచి వచ్చే అల, దక్షిణం నుంచి వచ్చే అల ఎక్కడ కలుస్తాయన్నదే మొత్తం కథ. ముందే కలిస్తే తుపాను తీరాన్ని ఒరుసుకుంటూ వస్తుంది, ఆలస్యమైతే సముద్రంలోకి పోతుంది. అందుకే మూడు రోజుల ముందు మ్యాపులు ఒక్కసారిగా మారిపోతే కంగారు పడటం మానేశాను.

మూడు నుంచి ఆరు రోజుల మధ్య నా ఓటు ఇప్పటికీ యూరోకే. అయితే ఒంటరి మ్యాప్‌కు కాదు, దాని ఎన్‌సెంబుల్‌కు. మొదటి పరిస్థితులను కొద్దికొద్దిగా మార్చి అదే మోడల్‌ను 51 సార్లు నడుపుతారు. 51లో నలభై తీరానికి దగ్గరగా వస్తుంటే ఆఫీసులో చెప్పి పెడతాను. సగం సముద్రంలోకి పోతుంటే నోరు మెదపను. వీటన్నిటి సగటు మ్యాప్ మాత్రం గోడ మీద పిల్లి. ఇరవై పడేచోటా సున్నా పడేచోటా పదే చూపిస్తుంది.

యూరో రాత్రి రన్ మాకు ఒంటిగంట ప్రాంతంలో వస్తుంది. వంటింట్లో చిన్న లైటు వేసుకుని, పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్న రాత్రులకు లెక్కలేదు. ఓసారి మా ఆవిడ నీళ్ల కోసం లేచి వచ్చి, 'ఏమండీ, ఆ గీతలన్నీ నాకొద్దు. రేపు స్కూలు ఉంటుందా, ఉండదా?' అంది. సూటిగా చెప్పలేకపోయాను.

నామ్ సంగతి వేరు. 84 గంటలకు లెక్క కడుతుంది, కానీ ఆ చివరి అంచున చూపించే వర్షపాతం చాలాసార్లు అతి. దాన్ని పట్టించుకోవాల్సింది తుపానుకు ముందు 48 గంటల్లో, అందులోనూ 3 కిలోమీటర్ల చిన్న గళ్లతో లెక్క కట్టే నామ్‌ను. పైన సన్నగా వెచ్చటి గాలి పొర చొరబడుతోందా అన్నది పట్టడంలో దానికి సాటి లేదని నా అనుభవం. ఇది నాకు తెలిసొచ్చింది 2017 మార్చి 14న. న్యూయార్క్‌కు అడుగు పైనే అన్నారు. ముందు రాత్రి నామ్ పైపొరల్లో ఉష్ణోగ్రత గీత సున్నాను దాటి అటు వంగింది. చూసీ చూడనట్టు పడుకున్నాను. తెల్లవారుజామున కిటికీ అద్దం మీద బియ్యం విసిరినట్టు చిటపట చప్పుడు. స్లీట్! పైన వెచ్చటి పొరలో మంచు కరిగి, కింద మళ్లీ గడ్డకట్టి పడే చినుకులన్నమాట. పొద్దున డెక్ మీద స్కేలు గుచ్చితే పైన గట్టిగా పెచ్చు, విరగ్గొడితే గానీ దిగలేదు. సెంట్రల్ పార్క్‌లోనూ చివరికి 7.6 అంగుళాలే.

ఈ స్లీట్ దగ్గరే మంచు మ్యాపులు మోసం చేస్తాయి. చాలా సైట్లు ఒక అంగుళం నీటికి పది అంగుళాల మంచు అని గుడ్డిగా లెక్క వేస్తాయి, స్లీట్‌నూ మంచులోనే కలిపేస్తాయి. తీరం దగ్గర తడి మంచు పదికి తక్కువే పేరుతుంది, స్లీట్ అయితే మరీ తక్కువ. ఐ-95 హైవే మీద, దానికి తూర్పున ఉన్నవాళ్లు ఆ రంగుల మ్యాప్‌ను వాట్సాప్‌లో పంపే ముందు ఒక్కసారి ఆగండి, దండం పెడతాను.

తుపాను గుమ్మంలోకి వచ్చాక హెచ్ఆర్ఆర్ఆర్ అనే మరో అమెరికా మోడల్. గంటగంటకూ కొత్త రన్. ఎన్నింటికి మొదలవుతుంది, భారీగా మంచు కురిసే పట్టీ (బ్యాండ్) ఎవరి మీద ఆగుతుంది అనేవాటికి రాడార్‌తో పాటు ఇదే చాలు. కెనడా మోడల్‌ను సాక్షిగా పిలుస్తాను తప్ప తీర్పు చెప్పమనను. 2025 ఫిబ్రవరిలో యూరో వాళ్లు ఏఐఎఫ్ఎస్ అనే ఏఐ మోడల్‌ను కూడా రోజువారీ వాడకంలోకి తెచ్చారు. తుపాను దారి విషయంలో బాగానే ఉంది. ఎంత పడుతుందని మాత్రం దాన్ని అడగను, అన్నీ నునుపు చేసేస్తుంది.

మోడళ్లన్నీ ఒక్క మాట మీదున్నా అంచు దగ్గర భరోసా లేదు. 2016 జనవరిలో పెద్ద తుపాను ఖాయమని రోజుల ముందే తేలింది. కానీ దాని ఉత్తరపు అంచు మా దగ్గర ఎక్కడ తెగుతుందో తేలక, న్యూయార్క్ అంకె చివరిదాకా పెరుగుతూనే పోయింది. సెంట్రల్ పార్క్‌లో 27.5 అంగుళాలు, ఆ పార్కు రికార్డు అదే.

ఇప్పుడు మూడు రోజుల్లోపు అయితేనే ఒంటిగంట దాకా మేలుకుంటున్నాను. ముందు రోజు సాయంత్రం నేషనల్ వెదర్ సర్వీస్ పేజీలో కనిష్ఠంగా ఎంత, గరిష్ఠంగా ఎంత పడొచ్చో చూసి మా ఆవిడకు రెండు అంకెలూ చెబుతాను. 'మూడు నుంచి పదకొండా? ఇదేం లెక్కండీ!' అంటుంది. పార మాత్రం గరాజ్‌లోంచి తెచ్చి గుమ్మం పక్కన పెడుతుంది.