మడ మొక్కలు: నేరుగా గుచ్చాలా, కాలువ తవ్వి నాటాలా?

రోజూ పోటు నీరు ఎక్కే మెత్తటి బురదైతే కాలువ ఖర్చు దండగ. ఉప్పు పొన్న (ఒక రకం మడ చెట్టు) కాయను మొన కిందికి పెట్టి, మూడో వంతు దిగేలా గుచ్చితే చాలు. లోతు తగ్గితే పాటుకి, అంటే పోటు నీరు వెనక్కి తీసేటప్పుడు, కొట్టుకుపోతుంది.

అడవి నరికేసిన చోటు కథ వేరు. నేల కుంగి, నీరు నిలిచి, ఎండాకాలానికి తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, గుచ్చినవి మాడిపోతాయి. అక్కడ కృష్ణా, గోదావరి డెల్టాల్లో చేసినట్టు ఏటి నుంచి పెద్ద కాలువ, దానికి చేప ముల్లులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వాలి. వచ్చిపోయే నీరే ఉప్పును కడుగుతుంది. తెల్ల మడ మొక్కల్ని అడుగున కాదు, వాలుగా చెక్కిన గట్టుకి, పోటుకి తడిసి పాటుకి తేలే చోట నాటాలి. చిక్కల్లా పూడికే. కాలువ మూతి మూసుకుపోతే ఉప్పు మళ్లీ మొదటికొస్తుంది. ఏటా పూడిక తీయడానికి, పశువుల్ని ఆపడానికి ఊళ్లో మనుషులు కుదరకపోతే తవ్వకం మొదలుపెట్టకండి.