పాల్ వాళ్లమ్మ ఇల్లు, జాన్ వాళ్ల పెద్దమ్మ ఇల్లు: లివర్‌పూల్‌లో నేషనల్ ట్రస్ట్ టూర్

మావాడికి పద్నాలుగేళ్లు. ఏడాదిగా గిటార్ తప్ప మరో ధ్యాస లేదు. బీటిల్స్ బ్యాండ్‌లోని జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ పెరిగిన ఇళ్లు చూపించే టూర్‌కి వాడి కోసమే టికెట్లు తీసుకున్నాను. చూసొచ్చి పది రోజులైనా ఆ ఇళ్లు నన్ను వదల్లేదు. నేను మిడ్‌వైఫ్‌ని. పాల్ వాళ్లమ్మ మేరీ గారూ కాన్పులు చేసినావిడే.

అంతకుముందు ఓ ప్రైవేటు బస్సు టూర్‌లో వెళ్లాం. పాటలు హోరెత్తించారు, ఒక్కో ఇంటి ముందు రెండు నిమిషాలు ఆపారు, గేటు దగ్గర ఫొటోలు దిగమన్నారు, అంతే. ఈ రెండిళ్ల లోపలికి తీసుకెళ్లేది, పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ టూర్ ఒక్కటే. స్పీక్ హాల్ అనే పాతకాలపు భవంతి దగ్గర మినీబస్సు ఎక్కాం. కొద్దిమందిమే కాబట్టి ఎవరి వెనకా నక్కి చూడాల్సిన పని పడలేదు. లోపల ఫొటోలు తీయనివ్వరు. మావాడు మొదట గునిశాడు గానీ, చేతిలో ఫోన్ లేకపోబట్టే వాడు గోడలకేసి చూశాడని నా నమ్మకం.

మెండిప్స్, అంటే జాన్ ఇల్లు, 251 మెన్‌లవ్ అవెన్యూ. 2002లో జాన్ భార్య యోకో ఓనో కొని ట్రస్ట్‌కి ఇచ్చేశారు, మరుసటేడు జనానికి తెరిచారు. పేదింట్లో పుట్టి పైకొచ్చాడనుకునేవాళ్లు ఈ ఇల్లు చూడాలి. పనివాళ్లని పిలిచే గంటలు కూడా ఉన్న మధ్యతరగతి ఇల్లు. పెంచింది పెద్దమ్మ మిమీ. పెళ్లికి ముందు ఆవిడా నర్సింగ్ చేశారు. భర్త 1955లో పోయాక చదువుకునే కుర్రాళ్లకి గదులు అద్దెకిచ్చి ఇల్లు నడిపారు. గిటార్ల గోల భరించలేక జాన్‌ని, పాల్‌ని ముందు వసారాలోకి తోలేవారట. అద్దాలు బిగించిన బుల్లి వసారా అది, ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. అక్కడ గొంతు తిరిగి మోగుతుందని వాళ్లకీ అదే ఇష్టమైంది. మావాడు అక్కడ నిలబడి సన్నగా ఓ రాగం తీశాడు. నిజంగానే మోగింది.

బయటికొచ్చి రోడ్డు కేసి చూస్తే మాత్రం కాళ్లాడలేదు. జాన్ కన్నతల్లి జూలియా 1958 జులై 15న అక్కని చూసి తిరిగి వెళ్తూ ఈ రోడ్డు మీదే, ఇంటికి కూతవేటు దూరంలో, కారు గుద్ది చనిపోయింది. అప్పటికి జాన్‌కి పదిహేడేళ్లు.

పాల్ ఇల్లు, 20 ఫోర్త్‌లిన్ రోడ్, చిన్నది. కౌన్సిల్ వాళ్లు కట్టిన వరస ఇళ్లలో ఒకటి. మెకార్ట్‌నీలు 1955లో దిగారు. ఇంతకుముందున్న పేటలో పిల్లలు పాడవుతారని, మంచి వీధిలో ఉండాలని మేరీ గారు పట్టుబట్టి తెచ్చిన ఇల్లిది. మంచు కురుస్తున్న రాత్రి ఆవిడ సైకిల్ మీద కాన్పుకి బయల్దేరడం పాల్‌కి ఇప్పటికీ గుర్తే. నైట్ డ్యూటీకి బయల్దేరేటప్పుడు నా కొడుకు కిటికీలోంచి నన్ను చూస్తుంటాడు. అందుకే ఆ మెట్ల దగ్గర కాసేపు నిలబడిపోయాను. 1956 అక్టోబర్ 31న రొమ్ము క్యాన్సర్‌తో ఆవిడ పోయారు. ఆ ఇంట్లో నిండా రెండేళ్లు కూడా ఉండలేదు. పాల్‌కి పద్నాలుగు.

ముందు గదిలో పాల్ తమ్ముడు మైక్ తీసిన ఫొటో ఉంది. జాన్, పాల్ ఎదురెదురుగా కూర్చుని, నోట్‌బుక్ మీదకి వంగి పాట కడుతున్నారు. పాల్‌ది ఎడమచేతి వాటం కావడంతో అద్దంలో బొమ్మలా ఉంటారు. ఆ ఫొటో తీసింది మేము నిలబడ్డ ఆ గదిలోనే. తండ్రి జిమ్ ఇచ్చిన ట్రంపెట్‌ని పాల్ గిటార్‌కి మార్చుకున్నాడు. ట్రంపెట్ నోట్లో పెట్టుకుని పాడలేం కదా!

"అమ్మా, పాల్ పాట ఒక్కటైనా వాళ్లమ్మ విందా?" అన్నాడు మావాడు.

"లేదు నాన్నా. మొదటి పాట కట్టింది ఆవిడ పోయాకే."

టికెట్లు ముందే తీసుకోండి, నేరుగా వెళ్తే లోపలికి పోలేరు. పాటల కచేరీ ఆశించేవాళ్లకి ఇది నచ్చకపోవచ్చు. గది గదికీ ఆగి వినే ఓపిక ఉంటే తప్పకుండా వెళ్లండి. ఈసారి సెలవు దొరికితే బీటిల్స్ డ్రమ్మర్ రింగో పెరిగిన అడ్మిరల్ గ్రోవ్ వీధికి వెళ్తాం. పదమూడేళ్లకి క్షయ వచ్చి ఆసుపత్రిలో పడుకున్న కుర్రాడు, దారపు కండెలతో మంచం పక్క బీరువా మీద వాయిస్తూ డ్రమ్స్ పిచ్చిలో పడ్డాడు. అలాంటి వార్డుల్లో పనిచేసినదాన్ని, ఆ ఇంటి గుమ్మం కూడా చూడాలనుంది.