కొండపల్లా, కొండవీడా: ఒక్క ఆదివారానికి ఏది మేలు?

కార్తీకమాసం దగ్గరపడగానే బంధుమిత్రులు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. పొద్దున బయలుదేరి చీకటి పడేలోగా ఇల్లు చేరాలి, కాస్త కొండ మీద తిరగాలి, పులిహోర పొట్లం విప్పుకోవడానికి మంచి చోటు దొరకాలి. అందుకు కొండపల్లి మేలా, కొండవీడు మేలా? నిరుడు పదిహేను రోజుల తేడాతో రెండూ చూసి వచ్చాను కనుక ఈసారి కొంత నమ్మకంగానే జవాబు చెప్పగలను.

దూరం చూస్తే బెజవాడ వారికి కొండపల్లిదే పైచేయి. ఇబ్రహీంపట్నం మీదుగా 20 కిలోమీటర్ల చిల్లర ప్రయాణం. కొండవీటికి గుంటూరు దాటి మరో 25 కిలోమీటర్ల దాకా వెళ్లాలి. గుంటూరు వారికి ఈ లెక్క తిరగబడుతుంది. రెండూ రెడ్డిరాజుల కోటలే, రెండింటి పైకీ బండ్లు వెళ్తాయి. కాబట్టి ఎక్కడం ఏది కష్టమన్న వాదనలో పస లేదు. పైకి చేరాక ఎంతసేపు నడవగలమన్నదే నా దృష్టిలో అసలు తేల్చుకోవలసిన విషయం.

కొండపల్లిలో చూడవలసిందంతా దాదాపు ఒక్కచోటే ఉంది. మూడంతస్తుల రాతి బురుజు, దాని వెనుక రాజమహలు, పక్కన శిథిలాలు. గంటన్నరలో చుట్టి రావచ్చు. మేము వెళ్లిన రోజు పదకొండు గంటలకే గోడలు ఆనుకోలేనంతగా వేడెక్కాయి, పిల్లలు కిందికి పోదామని గొడవ మొదలుపెట్టారు. అయితే కిందికి దిగాక ఊళ్లో తెల్ల పొణికి కర్రను చెక్కడం, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో బొమ్మకు చేతులు అతకడం చూస్తూ అదే పిల్లలు కదలనన్నారు. ఆ ఒక్క గంట కొండవీటిలో దొరకదు, అది ఒప్పుకోవాలి.

కొండవీటిలో మాత్రం పైకి చేరడంతోనే తిరుగుడు మొదలవుతుంది. ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని కొండపైన మూడు చెరువులున్నాయి. ఒకదాని గట్టు నుంచి మరోదాని గట్టుకు నడుస్తుంటే కోట ఎలా బతికిందో కాళ్లకే తెలుస్తుంది. నీళ్లు పైనే ఉన్న కోటను కింద నుంచి దాహంతో లొంగదీయడం తేలిక కాదు. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి దీన్ని గెలుచుకున్నది ముట్టడి వేసిన తరువాతే. శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్నదీ ఈ కొండవీటి రాజ్యంలోనే. మేము రెండున్నర గంటలు నడిచాము, సగం దారి సీతాఫలం పొదల పక్కనే. చెరువు గాలికి మా పెద్దనాన్న గట్టు మీదే తువ్వాలు పరుచుకుని కునుకు తీశారు.

కోటప్పకొండ, మంగళగిరి కూడా అడుగుతుంటారు. అవి దైవదర్శనానికి వెళ్లే కొండలు. ఈ లెక్కలో కలపను.

మోకాళ్ల నొప్పులున్న పెద్దలతోనో, చిన్నపిల్లలతోనో అయితే కొండపల్లి చాలు. తక్కిన వారందరికీ నేను కొండవీడే చెబుతాను. తాగునీళ్లు మనిషికి రెండు సీసాలు తక్కువ కాకుండా వెంట ఉంచుకోండి. కార్తీకంలో పొద్దు త్వరగా వాలుతుంది కనుక నాలుగున్నరకల్లా ఘాట్ రోడ్డు దిగడం మొదలుపెట్టండి.