హెచ్‌ఆర్‌తో ఫోనా, వాట్సాపా, మెయిలా: ఏది మేలు?

చెన్నై నంబర్ నుంచి ఫోన్ వస్తుంది. మనం కావలి బస్టాండులోనో టీ కొట్టు దగ్గరో ఉంటాం, అవతల కంపెనీలో ఉద్యోగాల్లోకి తీసుకునే హెచ్‌ఆర్ మేడమ్ గబగబా మూడు ప్రశ్నలు అడిగేస్తుంది: ఇప్పుడు ఎంత వస్తోంది, ఎంత కావాలి, నోటీస్ పీరియడ్ (మానేస్తానని చెప్పాక పాత కంపెనీలో ఇంకా పనిచేయాల్సిన గడువు) ఎన్ని రోజులు. కంగారులో ఏదో ఒక అంకె చెప్పేస్తాం. అది ఆమె ఎక్సెల్ షీట్‌లో ఎక్కిందంటే ఇక పైకి జరపడం చాలా కష్టం. ఫోన్‌తో నా మొదటి పేచీ ఇదే.

అలాగని ఫోన్ ఎత్తకుండా "మెయిల్ పెట్టండి" అనే వాళ్ల మాట కూడా నాకు నచ్చదు. రోజంతా ఫోన్లు చేసే మనిషి, మీరు ఎత్తకపోతే లిస్టులో తర్వాతి పేరుకి పోతారు. పైగా కొన్ని సంగతులు నోటితోనే బయటికొస్తాయి. "మీ బడ్జెట్ ఎంతండీ?" అని మెయిల్లో అడిగితే జవాబు రాదు, ఫోన్‌లో అడిగితే "పాతిక దాటదు సర్" అని ఇట్టే చెప్పేస్తారు. పాత మనిషి ఎందుకు మానేశాడని అడిగి చూడండి, గొంతు తగ్గిందంటే సంగతి అర్థమైనట్టే.

కానీ నమ్మకం పెట్టుకోవడానికి ఫోన్ పనికిరాదు, నేను తిన్న దెబ్బ అది. ఒంగోల్లో పనిచేస్తున్నప్పుడు ఒకాయన ఫోన్ చేసి "నెల్లూరు సైడే సర్, నెలకి 30 వేలు" అన్నాడు. అమ్మ అయితే నెల్లూరులో అద్దె ఇల్లు కూడా వెతకడం మొదలుపెట్టింది. తీరా ఆఫర్ లెటర్ వస్తే పనిచేయాల్సింది తడ దగ్గర శ్రీసిటీలో, నెల్లూరు నుంచి 100 కిలోమీటర్లు దాటి! ఆ 30 వేలు కూడా సీటీసీ అంట, అంటే చేతికొచ్చేది కాదు, కంపెనీ నా మీద పెట్టే మొత్తం ఖర్చు. బేసిక్ 15,000, దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, ఏళ్ల తరబడి పనిచేస్తే చివర్లో ఇచ్చే గ్రాట్యుటీ పేరుతో 700 పైచిలుకు, మళ్లీ నా వాటా పీఎఫ్ ఇంకో 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. అన్నీ పోను చేతికొచ్చేది 25,500 కూడా లేదు. ఆయన అబద్ధం చెప్పాడనీ అనలేను, చెన్నైలో కూర్చున్నవాడికి తడ అయినా నెల్లూరు సైడే కదా. నేనే "చేతికి ఎంత, ఏ ఊళ్లో" అని అడగలేదు.

వాట్సాప్ వీటి మధ్యలో ఉంటుంది. ఇంటర్వ్యూ టైమ్, ఆఫీసు లొకేషన్, "పినాకిని ఎక్స్‌ప్రెస్ లేటు సర్, ఇప్పుడే గూడూరు దాటాం" లాంటి వాటికి దీన్ని మించింది లేదు. జీతం ఖాయం చేసుకోవడానికి మాత్రం వద్దు, మెసేజ్ డిలీట్ చేసేయొచ్చు, హెచ్‌ఆర్ ఉద్యోగం మారితే ఆ నంబరే పోవచ్చు. దొంగ ఆఫర్లు కూడా ఎక్కువగా నాకు ఇందులోనే వచ్చాయి. రిజిస్ట్రేషన్ ఫీజు అన్నా, ముందే ఆధార్, బ్యాంకు వివరాలు అడిగినా అక్కడితో ఆపేయండి, డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గల్ఫ్ ఏజెంట్ల సంగతి వేరే, వాళ్ల రిజిస్ట్రేషన్ కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వకండి.

మెయిల్ నిదానం, సగం వాటికి జవాబే రాదు. అయినా నా ఓటు దానికే, కాకపోతే ఫోన్ తర్వాత. ఇప్పుడు కాల్ వస్తే "బస్సులో ఉన్నాను మేడమ్, ఆరు తర్వాత నేనే చేస్తాను" అంటాను, ఈలోపు అంకె ఆలోచించుకుంటాను. మాట్లాడిన సాయంత్రమే నాలుగు లైన్లు పంపేస్తాను: "నమస్తే మేడమ్, ఈ రోజు మనం అనుకున్నవి: పని చోటు నెల్లూరు, పీఎఫ్ పోను చేతికి 28,000, నోటీస్ 60 రోజులు. తేడా ఉంటే చెప్పగలరు." తేడా ఉంటే దీనికి మాత్రం చాలావరకు జవాబొస్తుంది. అందులో మనం రాసేదీ నిజమే అయి ఉండాలి, పాత కంపెనీలో చేరిన తేదీ, మానేసిన తేదీ మన పీఎఫ్ నంబరు యూఏఎన్ కింద సర్వీస్ హిస్టరీలో కనిపిస్తాయి.

ఇదంతా చెన్నై, బెంగళూరు కంపెనీలకి. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుకో ఊళ్లో చిన్న షోరూమ్‌కో మెయిల్ పెడితే తెరిచేవాళ్లు ఉండరు. అక్కడ పొద్దున్నే వెళ్లి మేనేజర్‌ని కలవడమే. ఒప్పుకున్న జీతం మాత్రం బయటికి రాగానే ఆయన వాట్సాప్‌కి, "థాంక్స్ సర్" అంటూనే, అంకెతో సహా రాసి పంపండి.