ఐసీఎఫ్ గోడలు కట్టిస్తున్నారా? బ్రేసింగ్ సెట్ కళ్లారా చూడందే కాంక్రీటు పోయనివ్వకండి

వైజాగ్‌లో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు దయచేసి చదవండి. ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను, ముందూ వెనకా అయితే సర్దుకోండి.

లోపల బోలుగా ఉండే థర్మాకోల్ దిమ్మెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, మధ్యలో ఊచలు కట్టి కాంక్రీటు పోసే పద్ధతే ఐసీఎఫ్ (ఇన్సులేటెడ్ కాంక్రీట్ ఫార్మ్స్). 2014 అక్టోబరులో హుద్‌హుద్ మా పాత ఇంటిని ఏం చేసిందో చూశాక, కొమ్మాది సైటులో తుపానుకి నిలబడే గోడలే కావాలని నాన్నగారు పట్టుబట్టారు. ఎండ వేడి లోపలికి తక్కువ వస్తుందన్నది ఇంకో కారణం. ఆ పని ఏ కంపెనీకి ఇచ్చామో పేరు రాయడం లేదు. కొటేషన్‌లో మాత్రం స్టీలు బ్రేసింగ్ సెట్ (గోడ వాలకుండా పెట్టే ఆసరా), టర్న్‌బకిల్స్ (ఆ ఆసరాని తిప్పి సరిచేసే మరలు), మట్టం చూసే సూపర్‌వైజర్ అని వాళ్లే రాసిచ్చారు. అందుకు విడిగా డబ్బు కూడా తీసుకున్నారు.

కాంక్రీటు రోజు పొద్దున్న సైటుకి వచ్చినవి సరుగుడు బాదులు! స్టీలు సెట్ ఏదని అడిగితే వేరే సైటులో ఉందట. అప్పటికే రెడీమిక్స్ లారీ గేటు దగ్గరుంది, పంపు పైపు పైకి లేచి ఉంది.

అసలు బ్రేసింగ్ ఎందుకో తెలిస్తే మీకూ నాలాగే రక్తం మరుగుతుంది. దిమ్మె లోపలుండే ప్లాస్టిక్ పట్టీలు దానికి రెండువైపులా ఉండే థర్మాకోల్ పలకలు విడిపోకుండా పట్టుకుంటాయి, అంతే. మొత్తం గోడ అటో ఇటో వాలకుండా ఆపేది బయటి ఆసరా మాత్రమే. ఆరు అంగుళాల కాంక్రీటు, పదడుగుల ఎత్తు గోడ అంటే మీటరు పొడవుకి టన్ను పైమాటే. అదంతా పచ్చిగా, జారుగా ఉన్నప్పుడు ఒక్క చేత్తో ఎత్తగలిగే ఆ థర్మాకోల్ దిమ్మెలే మోయాలి. అందుకే నిలువు స్టీలు చానెల్‌ని దిమ్మెలోని పట్టీలకి స్క్రూలతో బిగిస్తారు. దాని నుంచి ఏటవాలుగా కిందికి వచ్చే రాడ్డుకి టర్న్‌బకిల్ ఉంటుంది. ఒకవైపు తిప్పితే గోడని నెడుతుంది, రెండోవైపు తిప్పితే లాగుతుంది. ఇలాంటివి ఆరేడడుగులకొకటి ఉండాలి, మూలల దగ్గరా కిటికీలకి రెండుపక్కలా తప్పనిసరి. బాదు నెట్టగలదు గానీ లాగలేదు. గోడ బాదుకి అవతలి వైపు వాలిందంటే అది ఉత్త కర్ర.

మా ఇంట్లో జరిగింది అదే. చుట్టూ మూడు నాలుగడుగుల చొప్పున వరసలుగా పోసుకుంటూ రావాల్సిన కాంక్రీటుని, పంపు వెయిటింగ్ చార్జీ పడుతుందని ఒకే మూల నుంచి పైదాకా నింపుకుంటూ పోయారు. గ్రావెల్ ఫిల్లింగ్ మీద ఇటుకముక్క పెట్టి నిలబెట్టిన బాదులు ఒక్కొక్కటీ వదులైపోయాయి. మా మేస్త్రీ ఒకదాన్ని పట్టుకుని ఊపి చూపించాడు. "బాబూ, గోడ బయటికెళ్లిపోతందండి, ఆపమనండి" అన్నాడు. పైన కట్టిన నూలు దారానికీ దిమ్మె అంచుకీ మధ్య అరంగుళం ఉండాల్సిన చోట నా రెండు వేళ్లు దూరాయి. తూకం గుండు వేస్తే పైనా కిందా ఒకటిన్నర అంగుళం తేడా!

నేను మర్చిపోలేనిది ఆ తర్వాత జరిగిందే. కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉంది. గోడని లాగి మట్టానికి తేగలిగేది ఆ కాసేపే, గట్టిపడిందంటే ఇక ఎవరి తరమూ కాదు. నాన్నగారు సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, "బాబూ, తడి ఆరకముందే గొలుసు వేసి లాగిద్దాం, మనుషుల్ని నేను పిలిపిస్తాను" అని బతిమాలారు. అతను ఫోన్‌లోంచి తలెత్తలేదు. "పెద్దాయనా, ఇది మీ కాలం ఇటుక గోడ కాదు. ప్లాస్టరింగ్‌లో కలిసిపోద్ది. నీడలో కూర్చోండి" అన్నాడు. డెబ్బై దాటిన మనిషిని, తన రిటైర్‌మెంటు డబ్బుతో కట్టుకుంటున్న ఇంట్లో, కూలీలందరి ముందూ ఆ మాట అన్నాడు. నాన్నగారు ఇంకేం మాట్లాడలేదు. మేం గొలుసు తెప్పించేలోపు అతను బండెక్కి వెళ్లిపోయాడు.

ఒకటిన్నర అంగుళం ప్లాస్టరింగ్‌లో ఎలా కలుస్తుంది? ఆ గోడ మీదే రేపు స్లాబు కూర్చోవాలి. మా స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూసి, లెక్కలు తేలేదాకా పైన ఒక్క పని కూడా ముట్టుకోవద్దన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే, "బ్రేసింగ్ మెటీరియల్ వరకే మాది సార్, మట్టం మీ మేస్త్రీది" అంటున్నారు. మొదట్నుంచీ ఆపమని మొత్తుకున్న ఒకే ఒక్క మనిషి మీదికి నెడుతున్నారు! పైగా మిగతా డబ్బు ఎప్పుడిస్తారని వాట్సాప్‌లో రోజూ అడుగుతున్నారు. పైసా ఇవ్వను.

మీరు ఇదే పద్ధతిలో కట్టిస్తుంటే స్టీలు బ్రేసింగ్ మొత్తం బిగించి, దారం కట్టి, గుండు వేసి చూశాకే రెడీమిక్స్ ఆర్డరు పెట్టండి. లారీ గేటు దగ్గరికి వచ్చాక మన మాట ఎవరూ వినరు. పోస్తున్నంతసేపూ ఒక మనిషి ఆ దారం దగ్గరే ఉండాలి, పోయడం అయిపోగానే ఇంకోసారి మట్టం చూసి టర్న్‌బకిల్స్ తిప్పించాలి. మట్టం ఎవరి బాధ్యతో కొటేషన్‌లో రాయించి సంతకం తీసుకోండి.

ఇప్పటికే ఇలా నష్టపోయినవాళ్లుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, మేం ఆ పనిలోనే ఉన్నాం. మధురవాడ, ఆనందపురం వైపు వీళ్లతో మాట్లాడుతున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు నాకు మెసేజ్ పెట్టండి. గోడ ఫొటోలూ, కొటేషన్ కాపీ పంపిస్తాను.